మేం ఏరుకోని చదువులు

మేం ముగ్గురం అన్నదమ్ముల పిల్లలం. ఒకరిది జనగామ, ఒకరిది మానుకోట, ఒకరిది భూపాలపల్లి. కాగితాల్ల మహబూబాబాద్ అని మా పేరే ఉంటది గని, ఊళ్లె అందరి నోటా మానుకోటనే. 2016 దాక ఈ మూడూ వరంగల్ జిల్లానే. ఇప్పుడు మూడు జిల్లాలైనయి. మా ముగ్గురి బాధ మాత్రం ఒక్కటే. డిగ్రీల తప్పు సబ్జెక్టు చదివినం.

మా దాదా ఉర్దూల చదివిండు. ఉస్మానియాల డాక్టరు చదువు కూడ ఉర్దూల చెప్పిన కాలం అది. 1948 తర్వాత కచ్చేరీల భాష మారింది. దాదా చదువు సందూకల పడ్డది. ఆ దెబ్బ చూసిన మా అబ్బాలు "కడుపు నింపే చదువు చదువుండ్రి" అన్నరే గని, మీకేమిష్టమని ఒక్కనాడు అడగలే.

ముస్లింలల్ల వెనుకబడ్డోళ్లకు 2007ల 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. సయ్యద్‌లకు, పఠాన్‌లకు లేదు. మేం షేక్‌లం, మాకున్నది. మరుసటేడు ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైంది. "సర్కారే ఫీజు కడుతుంటే ఇంజనీరింగ్ గాక ఇంకేం చదువుతర్రా?" అన్నరు. మానుకోట నుంచి పోయి ఎలక్ట్రానిక్స్‌ల చేరినం. లెక్కల పేపరు మూడేండ్లు వెంబడి పడ్డది. అది గట్టెక్కేసరికి, సర్కారు నుంచి ఫీజు రాలేదని కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఆపిండ్రు. ఇయ్యాల బజార్ల సెల్‌ఫోన్లు రిపేరు చేస్తున్నం. ఈ పని నేర్పింది కాలేజీ కాదు, దుకాణం ఉస్తాదు.

భూపాలపల్లిల భూమి కింద బొగ్గు, పక్కన చెల్పూరుల కరెంటు ప్లాంటు. ఇంటికి దగ్గర కాలేజీల సీటు దొరికిందని మేం చదివింది బీకాం. లారీల టైర్ల షాపుల పద్దులు రాస్తున్నం. మా బీకాం ఆ పద్దుల పుస్తకం దాటలే.

జనగామల మాత్రం మొండికేసి తెలుగు చదివినం. పాల్కురికి సోమన మా జిల్లావాడే. పోతన బమ్మెర మా జిల్లాలనే ఉన్నది. కాకతీయల ఎమ్మే చేసి ఒక ప్రైవేటు కాలేజీకి ఇంటర్వ్యూకు పోతే, మా పేరు విని పద్యం చదవమన్నరు. పోతన పద్యమే చదివినం. "ఉచ్చారణ బాగుంది. మీకెందుకండీ ఈ సబ్జెక్టు?" అన్నరు. ఇంటికొస్తే మనోళ్లు "ఉర్దూ రాయరానోడు ఏం ముసల్మాన్?" అన్నరు. ఇష్టపడి చదివిన చదువుకు కూడ మాతోని తోబా చెప్పించిండ్రు.

20 ఏండ్లు నిండిన ముసల్మానుల్ల డిగ్రీ, డిప్లొమా ఉన్నోళ్లు నూటికి నలుగురు కూడ లేరని 2006ల సచార్ కమిటీ చెప్పింది. ఆ కొద్దిమందిల మేమున్నమని ఇంట్ల మురిసిండ్రు. ఏం చదివినమో, ఎందుకు చదివినమో ఎవరికి కావాలె?

ఇప్పుడు మా చెల్లె ఇంటర్ పాసైంది. దోస్త్‌ల ఆప్షన్లు పెట్టాలె. హిస్టరీ చదువుత అన్నది. మేం ముగ్గురం ఒక్కటై వద్దన్నం. "నౌకరీ ఏడున్నది? కంప్యూటర్స్ పెట్టు" అన్నం. అబ్బాల మాటలే మా నోట్ల నుంచి వచ్చినయి.

చెల్లె ఒక్కటే అడిగింది: "భాయ్, కామారెడ్డిగూడెంల బందగీ సమాధి చూసిండ్రు గదా?"

చూసినం. విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కోర్టుకెక్కి, గెలిచి, చంపబడ్డ షేక్ బందగీ. మా అసొంటి గరీబు సాయిబు. "మా భూమి" నాటకానికి ఆయన కథనే ఊపిరి.

"ఆయన ముచ్చట పరాయోళ్ల పుస్తకాల్లనే చదవాల్నా? మనింట్ల ఒక్కరన్న రాయొద్దా?"

మా దగ్గర జవాబు లేదు. నౌకరీ భయం మాత్రం ఉన్నది. అది అబద్ధం కాదు. రేపు చెల్లె కూడ మా లెక్కనే బాధపడొచ్చు. పడితే తను ఏరుకున్నదానికే పడుతది. మాకు ఆ అదృష్టం కూడ లేకపాయె.

ఓటీపీ మా ఫోనుకొచ్చింది. ముగ్గురం ఒకరి మొకం ఒకరం చూసుకున్నం. ఆరంకెలూ చదివి చెప్పినం.