ఊరి అలవాట్లని మన గదికి తెచ్చుకుందాం



పాడేరు, అరకు వైపు నుంచి విశాఖ వచ్చి, అద్దె గదుల్లో ఉండి చదువుకుంటున్నవాళ్లం మేము. మొదటి నెలల్లో మాలో చాలామందిది ఒకటే మాట: "ఏం బాగోలేదు, ఊరెళ్లిపోదాం." కొందరు నిజంగానే చదువు ఆపేసి వెళ్లిపోయారు. ధైర్యం లేక కాదు. ఊర్లో తెల్లారితే గెడ్డ దాకా నడక, చోడి అంబలి, పదిమందితో మాట. ఇక్కడ నాలుగు గోడలు, ఒక ఫోను.

అందుకే కొన్ని అలవాట్లు పెట్టుకున్నాం.

పొద్దున్నే ఫోను ముట్టకుండా అరగంట బయట నడుస్తాం. ఉదయం వెలుగు కంట్లో పడితే రాత్రి నిద్ర వేళకి పడుతుంది.

ఇంటి నుంచి తెచ్చిన పిండితో అంబలి కాచుకుంటాం. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది. ఎవరైనా చూసి నవ్వితే వాళ్లకీ ఓ గ్లాసు ఇస్తాం.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి మన భాషలోనే మాట్లాడతాం. కువి అయినా, ఆదివాసీ ఒడియా అయినా, పక్కన ఎవరున్నా సరే గొంతు తగ్గించం.

ఆదివారం మేడ మీద థింసా. అది ఒక్కరే ఆడేది కాదు కదా! గదిలో ముడుచుకుని కూర్చున్నవాళ్లనే ముందు పిలుస్తాం.

వీటితో అన్ని బాధలూ పోవు. రెండు వారాలైనా నిద్ర, తిండి సరిగ్గా లేకపోతే టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మీకు ఏ అలవాటు పనిచేసిందో కింద రాయండి. కొత్తగా వచ్చే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి పనికొస్తుంది.

జై ఆదివాసీ!