జరిమానా కాదు, ముందు వీలు కల్పించండి

ఓటు వేయనివాళ్లకు ఆస్ట్రేలియాలో లాగా 20 డాలర్ల జరిమానా మన దగ్గరా పెట్టాలని ఎన్నికలొచ్చినప్పుడల్లా వింటుంటాం. 1922లో అక్కడ పోలింగ్ 60 శాతం లోపే. 1924లో ఓటు తప్పనిసరి చేశాక, 1925లో 91 శాతం దాటింది. అది నిజమే. కానీ ఆ దేశం ఓటరుకి వీలు కూడా కల్పించింది: పోలింగ్ శనివారమే, ముందస్తు ఓటుంది, పోస్టల్ ఓటుంది. విదేశంలో ఉన్నవాళ్లు చాలాచోట్ల రాయబార కార్యాలయంలోనే ఓటేయొచ్చు, వేయలేకపోయినా జరిమానా లేదు.

మన దగ్గర 2024లో ఆంధ్ర పోలింగ్ మే 13, సోమవారం జరిగింది. అయినా హైదరాబాద్ నుంచి జనం బస్సులు కిక్కిరిసి సొంతూళ్లకొచ్చారు, ఏ జరిమానా లేకుండానే ఆంధ్రలో పోలింగ్ 80 శాతం దాటింది. అంటే లోటు మనుషుల బాధ్యతలో లేదు, వీలు లేకపోవడంలో ఉంది. కోనసీమ ఊళ్ల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లకి 2010 ఎన్నికల చట్ట సవరణ ఓటు హక్కిచ్చింది, కానీ స్వయంగా ఊరొచ్చి వేయాలంది. కువైట్‌లో ఇంటిపని చేసుకునే అమ్మ ఒక్క ఓటు కోసం సెలవు, టికెట్టు డబ్బులు ఎక్కణ్ణుంచి తెస్తుంది? పోస్టల్ ఓటు ఇస్తే యజమానులు ఒత్తిడి చేస్తారన్న భయం సహేతుకమే. అందుకే రాయబార కార్యాలయంలో పోలింగ్ పెట్టమనేది. సైనికులకి, 85 ఏళ్లు దాటినవాళ్లకి వేరే దారి చూపించిన చట్టం వీళ్లకీ చూపించాలి. ఆ పని చేశాకే జరిమానా మాట ఎత్తాలి.