జుట్టు రంగు – మనిషి విలువ

బాహ్యరూపాన్ని చూచి మనిషి అంతరంగాన్ని అంచనా కట్టడం లోకంలో అనాదిగా వస్తున్న అలవాటు. కులాన్ని గూర్చి, మతాన్ని గూర్చి, మేనిఛాయను గూర్చి ప్రబలిన దురభిప్రాయాలపై ఎన్నో చర్చలు జరిగాయి. కాని తలమీది వెంట్రుకల రంగును బట్టి కూడ మనం తీర్పులు చెబుతున్నామన్న సంగతి చాలమందికి స్ఫురించదు. ఆ తీర్పుల చేదు తెలిసినదానను గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నాకు పదిహేడవ యేటనే జుట్టు నెరవడం ప్రారంభమైంది. దీనినే బాలనెరుపు అంటారు. వెంట్రుక కుదురులోని కణాలు మెలనిన్ అనే వర్ణద్రవ్యాన్ని తయారుచేస్తాయి. ఆ పని ఆగిపోతే వెంట్రుక తెల్లబడుతుంది. తరచు ఇది వంశపారంపర్యంగా వస్తుంది. మా నాన్నగారికీ ఇంతే. ఇందులో నా గుణమూ లేదు, దోషమూ లేదు. అయినా, గత సంవత్సరం సంబంధం చూడవచ్చినవారు నా చదువును గురించి ఒక్క మాటైనా అడగక, వయస్సు రుజువుకై పదవ తరగతి సర్టిఫికెట్ అడిగారు. చూచిన పిమ్మట కూడ వారికి నమ్మకం చిక్కలేదు. కాగితంమీది తేదీకంటె నా పాపిటలోని తెల్లవెంట్రుకలే బలమైన సాక్ష్యమయ్యాయి! ఆ తెల్లదనమే పురుషుని తలపై ఉంటే అనుభవమనీ, గాంభీర్యమనీ అంటారు.

ఎరుపు సంగతి మరీ విచిత్రం. మా దాదీ తలకు మెహందీ పెట్టుకుంటారు. ఆ ఎర్రని జుట్టు అందరికీ గౌరవచిహ్నం. పట్నంలో యువతులు వేల రూపాయలిచ్చి రాగిరంగు వేయించుకుంటారు, అది నాగరికత. కాని జాతీయ సేవా పథకం శిబిరానికి వెళ్ళిన పల్లెలో నాలుగేళ్ళ పాప రాగిజుట్టును చూచి తోటిపిల్లలు గేలిచేశారు. “తల్లికి శుభ్రత లేదు, నూనె రాయదు” అన్నారు పెద్దలు. శిబిరానికి వచ్చిన వైద్యురాలు మాత్రం ఆ పలుచని వెంట్రుకలను పరికించి, “ఈ బిడ్డకు ఏం పెడుతున్నారమ్మా?” అని అడిగారు.

రాగిజుట్టు ఎండవల్లా రావచ్చు, పుట్టుకతోనూ రావచ్చు. కాని తీవ్రమైన మాంసకృత్తుల లోపమున్న బిడ్డలకు కూడ జుట్టు పలచబడి ఎర్రబారుతుంది. 1933లో గోల్డ్‌కోస్ట్‌లో, అంటే నేటి ఘనాలో, సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు ఇట్టి బిడ్డల వ్యాధిని వర్ణించింది. తిండి దొరికిన రోజుల్లో పెరిగిన వెంట్రుక నల్లగా, దొరకని రోజుల్లో పెరిగినది పాలిపోయి, ఒకే వెంట్రుకపై చారలు ఏర్పడడం కూడ కద్దు. ఆకలి వ్రాసిన ఆ వ్రాతను మనం అశుభ్రత అని చదువుతున్నాం.

పుర్రెకో బుద్ధి అన్నారు పెద్దలు. వెంట్రుకకో బుద్ధి అని ఎవరూ అనలేదు. రంగు వేసుకోవడం తప్పు కాదు. వేసుకోవడమూ మానడమూ ఎవరి ఇష్టం వారిది. వేసుకోనివారి విలువ తరిగిపోతుందనుకోవడమే తప్పు.

సోదర సోదరీమణులారా! రేపు మనలో కొందరు ఉపాధ్యాయులవుతారు, కొందరు అధికారులవుతారు, అందరమూ ఏదో ఒక ఇంటికి సంబంధం చూడడానికి వెళతాం. నాడు ఆ పల్లెలో తీర్పు చెప్పినవారు పదిమంది. ప్రశ్న అడిగినవారు ఒక్కరు. ఆ బిడ్డకు ఉపకారం జరిగింది ఆ ఒక్కరివల్లనే.