ఎల్‌నినో వస్తే వాన రాదా?



"ఈ ఏడు ఎల్‌నినో, వాన ఉండదు" అని వాట్సాప్‌లో మాట తిరిగితే చాలు, కోవిల్‌పట్టి వైపు మనవాళ్ళు ఫోన్ చేస్తారు. కరిసల్ చేను, అంటే నల్లరేగడి, విత్తాలా, బీడు పెట్టాలా అని. విత్తనానికీ దుక్కికీ పెట్టేది అప్పు డబ్బు. అందుకే మేమే లెక్క వేసి చూశాం.

రెండు వరుసలు తీసుకున్నాం. ఒకటి పసిఫిక్ సముద్రపు వేడి, ఇంకొకటి దేశమంతటి జూన్-సెప్టెంబర్ వాన. వాన లెక్క 1871 నుంచి దొరుకుతుంది. ఒకటి పెరిగితే రెండోది ఎటు పోతుందో చెప్పే అంకె −1కీ +1కీ మధ్య ఉంటుంది. అన్ని ఏళ్ళకూ కలిపి తీస్తే మైనస్ వచ్చింది. సముద్రం వేడెక్కితే వాన తగ్గే పోకడ అన్నమాట.

రైల్వేలో ఏడాది మొత్తం రాబడి చూస్తే ఏ నెల పడిపోయిందో తెలియదు. ఇదీ అంతే. అందుకని మా మనవరాలు పైథాన్‌లో రోలింగ్(21), కార్ అని ఒక్క వరుస రాసింది. మొదటి 21 ఏళ్ళకు ఒక అంకె వస్తుంది. తరువాత పాత ఏడు ఒకటి వదిలి, కొత్తది ఒకటి చేర్చి ఇంకో అంకె. మొదటి 20 గడులు ఖాళీగానే ఉంటాయి, భయపడవద్దు.

1999లో కృష్ణకుమార్, బాలాజీ రాజగోపాలన్, మార్క్ కేన్ 'సైన్స్' పత్రికలో ఇలాంటి లెక్కతోనే ఆ బంధం సడలుతోందని చూపించారు. 1997లో ఎల్‌నినో చాలా పెద్దది, అయినా దేశానికి వాన మామూలుగానే పడింది. 2002లో అంత పెద్దది కాదు, కరువు వచ్చింది.

రెండు జాగ్రత్తలు. 5 ఏళ్ళ కిటికీ పెడితే అంకె ఊరికే ఎగిరి పడుతుంది. 21 పెడితే పక్కపక్క కిటికీలలో 20 ఏళ్ళు ఉమ్మడివే, కాబట్టి గీత నున్నగా ఉందని నమ్మేయకూడదు.

అసలు సంగతి వేరే. కోవిల్‌పట్టి చేను నమ్ముకున్నది ఐప్పసి, కార్తిగై వాన. ఆ ఈశాన్య వాన ఎల్‌నినో ఏళ్ళలో ఎక్కువగా కురిసే పోకడే ఉంది. చెన్నై మునిగిన 2015 కూడా ఎల్‌నినో ఏడే. పోకడ అంటే హామీ కాదు, విత్తమనీ మేము చెప్పం. చేను బీడు పెట్టేముందు మాత్రం అడగండి: ఆ మాట ఏ వాన గురించి, ఏ ఏళ్ళ లెక్క?