పెద్దపేగు ఖాళీ చేసిన ఉద్యోగం

ఏమండీ, ఫలానావాళ్లకి పెద్దపేగు మొత్తం తీసేశారంటే మీ నోట ముందుగా వచ్చే మాటేమిటి? "అయ్యో, పేగు లేకుండా ఎలా బతుకుతారు!" అనే కదా. బతుకుతారండీ, నిక్షేపంలా బతుకుతారు. తిన్నది అరిగి, సారం ఒంటికి పట్టే పని దాదాపు అంతా చిన్నపేగులోనే అయిపోతుంది. పెద్దపేగుకి మిగిలే ముఖ్యమైన పని ఒకటే. చిన్నపేగు వదిలిన పల్చటి సరుకులోంచి నీళ్లనీ ఉప్పునీ లాగి మళ్లీ ఒంటికి అప్పజెప్పడం. రోజుకి లీటరు, లీటరున్నర నీళ్లు అలా వెనక్కి వస్తాయి. పేగు తీసేశాక ఆ ఉద్యోగం ఖాళీ. ఆ కుర్చీలో ఇక మనమే కూర్చోవాలి.

తీయడం ఎందుకంటారా? అల్సరేటివ్ కొలైటిస్ అని ఒక జబ్బుంది. పెద్దపేగు లోపలి పొర పుండ్లు పడి, నెత్తురుతో విరేచనాలవుతాయి. చాలామందికి మందులతో లొంగుతుంది. లొంగనప్పుడు పేగు తీసేసి, చిన్నపేగు కొసని పొట్టమీదికి, సాధారణంగా కుడివైపుకి తెస్తారు. ఆ ఎర్రటి కొస పేరు స్టోమా. దానిమీద బ్యాగు అంటిస్తారు. కొందరికి తర్వాత చిన్నపేగుతోనే లోపల సంచి, అంటే పౌచ్, కుట్టి మామూలు దారికి కలుపుతారు. ఈ పద్ధతిని లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రి సర్జన్లు పార్క్స్, నికల్స్ 1978లో లోకానికి చెప్పారు. ఆ పౌచ్ ఉన్నవాళ్లు రోజుకి నాలుగు నుంచి ఎనిమిదిసార్లు వెళ్లాల్సి వస్తుంది. అబ్బో అనకండి. అదివరకు దొడ్డి ఎక్కడుందో చూసుకోకుండా గడప దాటలేని మనిషికి, కాసేపు ఆపుకోగలగడమే పెద్ద భోగం.

బ్యాగు కథా వినదగ్గదే. పాత రోజుల్లో పేగు కొసని చర్మంతో సమానంగా వదిలేసేవారు. చిన్నపేగులోంచి వచ్చేదాంట్లో జీర్ణరసాలుంటాయి కదా, చుట్టూ చర్మం పుండైపోయేది. 1952లో బర్మింగ్‌హామ్ సర్జన్ బ్రయాన్ బ్రూక్ ఆ కొసని కాస్త పైకి తెచ్చి, వెనక్కి మడిచి కుట్టే పద్ధతి ప్రకటించాడు. దాంతో సరుకు చర్మానికి తగలకుండా నేరుగా సంచిలో పడుతుంది. మరో రెండేళ్లకి డెన్మార్క్‌లో ఎలీసే సోరెన్సెన్ అనే నర్సుకి, ఆపరేషనయ్యాక బయటికి రావడానికే జంకుతున్న చెల్లెల్ని చూసి, అంటించుకునే ప్లాస్టిక్ సంచి ఆలోచన వచ్చింది. ప్లాస్టిక్ తయారీదారు ఒగె లూయీ-హాన్సెన్ మొదట పెదవి విరిచాడట. ఆయన భార్య కూడా నర్సే. ఆవిడ ఒప్పించాకే సంచి తయారైంది. ఇంటావిడ మాట వింటే లోకానికి మేలు జరుగుతుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

సరే, ఉద్యోగం దగ్గరికొద్దాం. ఆపరేషనై ఇంటికి రాగానే బంధువులు రెండు సలహాలు పట్టుకొస్తారు. "ఉప్పు తగ్గించు నాయనా" అని ఒకరు, "నీళ్లు బిందెలకొద్దీ తాగు" అని ఇంకొకరు. బ్యాగున్న మనిషికి ఈ రెండూ కలిస్తే కష్టమే. బ్యాగులోకి నీళ్లతోపాటు ఉప్పూ పోతుంది. ఉత్త నీళ్లే గడగడా తాగితే అవి పేగులోకి మరింత ఉప్పుని లాగి, దాంతో సహా బయటికి పోతాయి. దాహం తీరదు, కాళ్ల పిక్కలు పట్టేస్తాయి, మూత్రం చిక్కబడుతుంది. చిన్నపేగుకి ఉప్పూ చక్కెరా కలిపి ఇస్తేనే నీళ్లని బాగా పట్టుకుంటుంది. మనకి బాగా తెలిసిన ఓఆర్ఎస్ పనిచేసేది ఈ కిటుకుతోనే. 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చినవాళ్లని డాక్టర్ దిలీప్ మహలనబిస్ కాపాడింది దీంతోనే.

మన వంటింట్లో ఈ పనికి సరంజామా ఎప్పటినుంచో ఉంది. ఉప్పు వేసిన గంజి, ఉప్పు మజ్జిగ. కొబ్బరి బోండాం మంచిదే కానీ దాంట్లో పొటాషియం ఎక్కువ, ఉప్పు తక్కువ. అదొక్కటే నమ్ముకోకూడదు. రోహిణి కార్తెలో ఓఆర్ఎస్ ప్యాకెట్టు జేబులో ఉండాల్సిందే. బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం ఎంత ఉప్పో డాక్టర్నే అడగాలి.

తిండి సంగతి? అన్నం, అరటిపండు, సగ్గుబియ్యం, పెరుగు సరుకుని కాస్త చిక్కబరుస్తాయి. మొదటి ఆరు, ఎనిమిది వారాలు పీచు జోలికి పోవద్దంటారు. ఆ తర్వాత ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా తిని చూసుకోవాలి. భయపడాల్సింది కారానికి కాదు, నమలకపోవడానికి. కొబ్బరి ముక్కలు, మొక్కజొన్న, వేరుశనగలు, పుట్టగొడుగులు, గోంగూర కాడలు, మునక్కాడ పిప్పి... ఇవి ముద్దగా వెళ్లి స్టోమా దగ్గర ఇరుక్కుంటాయి. కొబ్బరి పచ్చడి చేసుకోండి, ముక్కలు మింగకండి. గంటలకొద్దీ బ్యాగులోకి ఏమీ రాకుండా, కడుపు మెలిపెట్టి వాంతులైతే ఇంటివైద్యం మాని ఆసుపత్రికి పరుగెత్తాలి. పైన పూతతో నెమ్మదిగా కరిగే మాత్రలు ఒక్కోసారి వేసుకున్నవి వేసుకున్నట్టే బ్యాగులో కనబడతాయి. కొత్త మందు రాసేటప్పుడు డాక్టరుకి గుర్తుచేయండి.

బ్యాగు మూడోవంతు నిండగానే ఖాళీ చేసుకోవాలి, బరువెక్కితే అంటు ఊడుతుంది. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలపాటు స్టోమా కుంచించుకుంటుంది. మొదట్లో తీసుకున్న కొలతతోనే నెలలతరబడి కన్నం కత్తిరిస్తే, మిగిలిన సందులో చర్మం మండుతుంది. ఎప్పటికప్పుడు కొలుచుకోండి. ఈతకొట్టొచ్చు, స్నానం చేయొచ్చు. మొదటి నెలల్లో బిందెలూ సిలిండర్లూ మాత్రం ఎత్తకండి. స్టోమా పక్కన హెర్నియా రావచ్చు.

పేగుకే వచ్చే మరో జబ్బు క్రోన్స్, దాని దారి వేరు. చెడిన ముక్క తీసినా జబ్బు మళ్లీ తలెత్తొచ్చు. అందుకే ఆపరేషనయ్యాక ఆరు నుంచి పన్నెండు నెలల్లో కొలనోస్కోపీ చేయించుకోమంటారు. సిగరెట్టు మానడం ఈ జబ్బులో మందుతో సమానం. చిన్నపేగు చివరి భాగం ఎక్కువగా తీసేస్తే బీ12 ఒంటికి పట్టదు, ఇంజెక్షన్ కావాలి.

ఇంత జాగ్రత్తతో బతికేది ఇంట్లో కూర్చోడానికా? మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ ఆటగాడిగా ఉన్నప్పుడు డారెన్ ఫ్లెచర్‌కి అల్సరేటివ్ కొలైటిస్ వచ్చింది. 2013 జనవరిలో ఆపరేషనైంది, అదే ఏడాది డిసెంబరులో మళ్లీ మైదానంలోకి దిగాడు. తర్వాత మరో క్లబ్బుకి కెప్టెనయ్యాడు.

మన దగ్గర అసలు మ్యాచి పెళ్లిసంబంధాల దగ్గర మొదలవుతుంది. "ఆపరేషన్ సంగతి చెప్పకండి, తర్వాత చూసుకుందాం" అంటారు పెద్దలు. వినకండి. బ్యాగుతో ఉన్న ఆడవాళ్లు పిల్లల్ని కంటున్నారు. లోపలి పౌచ్ ఆపరేషన్ తర్వాత గర్భం రావడం కొంత ఆలస్యం కావచ్చు కనుక, కొందరు పిల్లలు పుట్టాకే అది చేయించుకుంటారు. ఇవన్నీ ఇద్దరూ కలిసి తేల్చుకోవాల్సిన లెక్కలు. ముందే చెప్పండి. విని లేచి వెళ్లేవాళ్లని వెళ్లనివ్వండి. కూర్చుని "అయితే ఏం తినకూడదు మీరు?" అని అడిగేవాళ్లకి కాఫీ ఇంకో కప్పు పోయండి.