సోమందేపల్లిలో విన్న ఒక ప్రశ్న

హైదరాబాదు నుండి బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారిపై, పెనుకొండ దాటిన తరువాత వచ్చే ఊరు సోమందేపల్లి. హిందూపురం వెళ్ళే బాట ఇక్కడ చీలుతుంది. 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడే వరకు ఇది అనంతపురం జిల్లాలోని మండల కేంద్రం. ఇక్కడ మగ్గాన్ని నమ్ముకున్న ఇళ్ళున్నాయి. పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2019లో కియా కార్ల ఉత్పత్తి మొదలైన తరువాత షిఫ్టు పనులకు పోయే యువకులూ పెరిగారు. మగ్గం ఆగిన రోజు కూలి రాదు. కనుక ఇటువంటి ఊళ్ళో ఒక దావత్‌కు పిలవడమైనా, వెళ్ళడమైనా తేలిక విషయం కాదు.

బంధువుల ఇంటి నికాహ్ కోసం మేము ఆ ఊరు వెళ్ళాము. అస్ర్ నమాజు తరువాత మసీదు అరుగుపై నలుగురం కూర్చున్నప్పుడు, ఇటీవలే కుమారుని వలీమా జరిపిన ఒక సోదరుడు ఇలా అడిగారు: “హజ్రత్, పిలిచిన ప్రతివారూ ‘ఇన్‌షా అల్లాహ్’ అన్నారు. ఆ లెక్కన వండించాను. సగం మంది రాలేదు. ఆ మాటను వస్తామని అనుకోవాలా, రామని అనుకోవాలా?”

ఆ ప్రశ్నకు అరుగుపై ఉన్నవారందరూ తలలు వంచుకున్నారు. రేపు ఫలానా పని చేస్తానని చెప్పేటప్పుడు దైవచిత్తాన్ని జతపరచమని దివ్యఖుర్ఆన్ (18:23–24) బోధించింది. అది గట్టి సంకల్పం గలవాడు పలికే మాట. రాకూడదని ముందే నిశ్చయించుకొని ఆ పవిత్ర వచనాన్ని తెరగా వాడుకోవడం అల్లాహ్ నామం పట్ల మర్యాద కాదు, అన్నం వండించిన సోదరుని పట్లా మర్యాద కాదు. వీలుకానప్పుడు ఆ రోజే కారణం చెప్పి, వధూవరులకు దుఆ చేసి, సెలవు తీసుకోవడం ఉత్తమం. రాత్రి షిఫ్టు ఉన్నదంటే ఎవరూ నొచ్చుకోరు.

ముస్లిముపై ముస్లిముకు గల ఆరు హక్కులను దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వివరించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. ఆహ్వానాన్ని మన్నించడం, సలహా కోరినవారికి మేలైన సలహా ఇవ్వడం ఆ జాబితాలో పక్కపక్కనే ఉన్నాయి. గొర్రె కాలి ముక్క కోసం పిలిచినా వెళతానని ఆయన అన్నారు. అయిదుగురిని పిలిచిన విందుకు ఆరవవాడు వెంట వస్తే, గృహస్థుని అనుమతి అడిగిన తరువాతే అతన్ని లోనికి రానిచ్చారు. ధనికులను పిలిచి పేదలను విడిచిపెట్టే వలీమా భోజనాన్ని అతి చెడ్డ భోజనమన్నారు. భోజనం ముగిశాక కబుర్లతో కాలయాపన చేయక వెళ్ళిపొమ్మని ఖుర్ఆన్ (33:53) ఉపదేశం.

ఆ అరుగుపైనే మరొకరు ఉన్నారు. ఆయన కుమార్తెకు నికాహ్ కుదిరింది. ఊరంతటికీ భోజనం పెట్టడానికి వడ్డీకి అప్పు తేవాలనుకుంటున్నట్టు చెప్పగానే, ఇద్దరు ముగ్గురు వడ్డీ హరాం కదా అని గట్టిగా అందుకున్నారు. ఆయన ముఖం చిన్నబోయింది. మాట నిజమే, కాని నలుగురిలో అన్నందువల్ల అది సలహా కాలేదు, నింద అయింది. ఫిరౌన్ వంటి వానితో సైతం మృదువుగా మాట్లాడమని మూసా, హారూన్ (అలైహిముస్సలాం)లకు ఆజ్ఞ అయింది (20:44). మన సోదరుడు ఫిరౌను కన్నా కఠినుడా?

అప్పుడొక పెద్దాయన ఆయన భుజంపై చేయి వేసి పక్కకు తీసుకుపోయారు. తిరిగి వచ్చాక ఆయనే మాతో చెప్పారు. “తమ్ముడూ, వలీమా వరుని వైపు బాధ్యత. నీ మీద ఆ భారం లేదు. మసీదులో నికాహ్ చేయించి, ఖర్జూరాలు పంచు. ఎవరైనా అడిగితే నేను చెబుతాను” అన్నారట ఆ పెద్దాయన. ఆ చివరి మాటే ఆయనకు ధైర్యమిచ్చింది. సలహా ఇచ్చి ఊరుకోక, దాని బరువులో పాలు పంచుకున్నారు.

సఫియ్యా (రజియల్లాహు అన్హా) వలీమాలో రొట్టె గానీ మాంసం గానీ లేదు. ఖర్జూరాలు, జున్ను, నెయ్యితో ఆ విందు జరిగింది. సోదర సోదరీమణులారా! ఖర్జూరాలు మాత్రమే పంచే నికాహ్‌కు మనం ఇంటిల్లిపాదీ సంతోషంగా వెళ్ళి, తిరిగి వచ్చి దాన్ని మెచ్చుకుంటే, అప్పు చేయాలనుకునే మరో తండ్రికి అంతకు మించిన సలహా లేదు. మాటలో నిజాయితీని, సలహాలో మృదుత్వాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.