మట్టి హిసాబ్

రత్నగిరి కొండకు ఎవరూ డీఏపీ బస్తా మోసుకుపోరు. అయినా మా రొళ్ల మండలంలో నాలుగు చినుకులు పడితే చాలు, తంగేడు, బందారు, సీతాఫలం అన్నీ చిగురు తొడుగుతాయి. దున్నేవాడు లేడు, నీళ్లు కట్టేవాడు లేడు. మరి ఆ బర్కత్ ఎక్కడిది?

రాలిన ఆకు రాలినచోటే పడి ఉంటుంది కాబట్టి. చెదలు కొరుకుతాయి, బూజు పడుతుంది, కంటికి కనిపించని జీవాలు దాన్ని అరిగిస్తాయి. ఆకులో ఉన్న నత్రజని, భాస్వరం, పొటాష్ మళ్లీ వేళ్లకు అందుతాయి. కొండ తన ఆమ్దనీలో ఎక్కువ భాగం ఇంట్లోనే ఖర్చు పెట్టుకుంటుంది, సంతకు పంపదు. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ వాళ్లు 1990లో 32 ఎకరాల బీడు తీసుకుని, నరుకుడు, నిప్పు, మేత లేకుండా కాపలా కాశారు. నేల తనంతట తానే చెట్లను పిలుచుకుంది.

పొలానికి ఆ సౌకర్యం లేదు. మన రిజ్క్ అక్కడి నుంచే రావాలి. ఫసల్ ఊరు దాటాల్సిందే.

మా వైపు ఫసల్ అంటే శెనక్కాయ. దాని వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది, కాబట్టి శెనక్కాయ వేస్తే నేలకు బలమని అందరం వింటూ వచ్చాం. ఇది సగం మాటే. వంద కిలోల పప్పులో సుమారు 25 కిలోల ప్రోటీన్ ఉంటుంది, అందులో నాలుగు కిలోలకు పైగా నత్రజని. అయిదు క్వింటాళ్ల పప్పు బండెక్కిందంటే, ఒక 45 కిలోల యూరియా బస్తాలో ఉన్నంత నత్రజని బండెక్కినట్టే. అందులో చాలా భాగం గాలి నుంచి వచ్చిందే, సరే. భాస్వరం, పొటాష్, సున్నం మాత్రం గాలిలో దొరకవు. అవి పూర్తిగా మట్టి సొమ్ము. పైగా శెనక్కాయను మనం కోయం, వేళ్లతో సహా పీకుతాం. కాయలు వ్యాపారికి, కట్టె పశువులకు. పొలంలో మిగిలేది రాలిన ఆకు, తెగిన వేళ్లు.

మా దాదా కాలంలోనూ పీకేవాళ్లే. కానీ పోయినదానికి తిరిగొచ్చే దారులు ఉండేవి. కట్టె తిన్న ఎద్దుల పేడ దిబ్బకు చేరేది, దిబ్బ ఎండాకాలంలో పొలానికి వెళ్లేది. కురుబ కాపరులతో రాత్రిళ్లు గొర్రెల మంద కట్టించి, వాళ్లకు గింజలు కొలిచేవాళ్లు. పెంటికతో పాటు ఉచ్చ కూడా ఎరువే. ఎండిన చెరువు నుంచి ఒండ్రు తోలేవాళ్లు, వానకు కొట్టుకుపోయిన మట్టి మళ్లీ ఇంటికొచ్చినట్టు. మా దాదీ మాట ఒకటుండేది: "లేనా హై తో దేనా భీ పడ్తా బేటా." తీసుకోవాలంటే ఇవ్వక తప్పదు బేటా, అని.

ఎద్దులు పోయి ట్రాక్టర్ వచ్చింది. పేడ పోయి బస్తా వచ్చింది. బస్తాను హరాం అని నేననను. 50 కిలోల డీఏపీలో తొమ్మిది కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. దిబ్బ ఎరువులో ఇంత కావాలంటే బండ్ల కొద్దీ తోలాలి. కానీ మన నేల ఎరుపు ఇనుముది. ఆ ఇనుము భాస్వరాన్ని పట్టుకుని సులువుగా వదలదు. వదిలించడానికి కుళ్లిన ఆకు, పేడ, వాటిని తినే జీవాలు కావాలి. వాన నీటిని పట్టి ఉంచేది కూడా ఆ కుళ్లే. బస్తా సామాను తెస్తుంది, వంట చేసేవాళ్లను తేదు. ఆ సామాను కూడా మన ఊరిది కాదు. భాస్వరం రాయి మొరాకో, జోర్డాన్ లాంటి దేశాల నుంచి ఓడల్లో రావాలి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, అబ్బా పోయాక విరాసత్‌లో మాకు మూడెకరాలు వచ్చాయి. భాయిజాన్, నేను, ఆపా, ముగ్గురమూ ఊరికి దూరం. పొలం గుత్తకు ఇవ్వాలి. అడిగిన రైతు మంచివాడు, మెహనతీ. కట్టె అంతా శిరా వైపు అమ్ముకుంటానన్నాడు. కట్టెకు బదులు ఏటా దిబ్బ ఎరువైనా తోలాలి, లేదా మంద అయినా కట్టించాలి అని ఆపా షర్తు పెట్టింది. "అట్లయితే ఎకరాకు వెయ్యి తగ్గించుకోండమ్మా" అన్నాడతను. అతని మాటలో తప్పేముంది? ఒక్క ఏడాదికి నేల తీసుకున్నవాడు పదేళ్ల హిసాబ్ ఎందుకు మోయాలి?

భాయిజాన్ ఒప్పుకోలేదు. "గుత్త డబ్బు అమ్మీ మందులకు. మట్టికి పెట్టి అమ్మీకి తగ్గిస్తావా?" అన్నాడు. జవాబు చెప్పడం తేలిక కాలేదు. చివరికి ఆ మూడు వేలు ఆపా, నేను చెరి సగం భరిస్తామన్నాం. గుత్త ఒక్క ఏడాదికి కాదు, అయిదేళ్లకు రాశాం, తను వేసిన ఎరువు ఫలం ఆ రైతే తినేలా. మట్టి పరీక్షకు కూడా ఇచ్చాం. సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపే, అంటే తక్కువ కిందే లెక్క. అయిదేళ్ల తర్వాత మళ్లీ చూపిస్తాం.

మీలో చాలామందికి ఊళ్లో ఇలాంటి ఎకరం, రెండెకరాలు ఉంటాయి, ఎవరో చేస్తుంటారు. మేం గుత్త అన్నదాన్నే కాగితంలో కౌలు అని రాస్తారు. ఆ మాట మన 'ఖౌల్' నుంచే వచ్చింది, ఇచ్చిన మాట అని అర్థం. ఈసారి కాగితం రాసేటప్పుడు రూపాయల పక్కన ఎరువు సంగతి కూడా ఒక లైను రాయించండి. ఆ లైనుకయ్యే ఖర్చులో మీ వాటా మీరు పెట్టుకోండి.